పట్టు బంక తినే చేపలు

పెళ్ళైన కొత్తలో మా ఆయన దగ్గర చేపల వాసన వచ్చేది. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక నాలో నేనే కుమిలిపోయాను. పట్టు పని చేసే ఇంటి అబ్బాయి, హిందూపురం కాలేజీలో ఉద్యోగం, ఎప్పుడూ తెల్లచొక్కానే వేస్తాడు అని మా నాయన ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు. తెల్లచొక్కా మాట నిజమే. దాని జేబులో దూది బిరడా పెట్టిన గాజుగొట్టం ఉంటుందనీ, అందులో చేప పేగులు కడిగిన నీళ్ళుంటాయనీ పెళ్ళిచూపుల్లో ఒక్కరూ అనలేదు.

మొగుడి పేరు నోటితో పలకకూడదని మా అవ్వ నేర్పింది. ఇప్పుడు నేనే అవ్వనయ్యాను, ఇంకా ఎవరికి భయపడాలి? ఆయన పేరు పోతులయ్య. నా పేరు కుళ్ళాయమ్మ. చైనాతో యుద్ధం జరిగిన మరుసటి ఏడు మా పెళ్ళయింది. అవగానే నన్ను పెనుకొండలో వాళ్ళ పెద్దమ్మ యల్లక్క ఇంట్లో దించి తాను హిందూపురం రైలెక్కాడు. పసిబిడ్డగా ఉండగానే తల్లి పోతే ఆయన్ని పెంచింది ఈ పెద్దమ్మే. నాకు పెద్దత్త.

ఆయన సంసారమంతా రైలు మీదే. వారమంతా హిందూపురంలో కాలేజీ. శనివారం ధర్మవరం పోయి వాళ్ళ నాయన ఇంటి నుంచి బిందెడు పట్టు బంక నీళ్ళు తెచ్చేవాడు. ఆదివారం పెనుకొండలో మా దగ్గర. సోమవారం మళ్ళీ హిందూపురం. గుడ్డ బిగించి కట్టిన బిందెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పెట్టెలో జనం ముక్కు మూసుకుని దూరం జరిగేవారట. “మంచిదే, కాళ్ళు చాపుకునేదానికి జాగా దొరుకుతాది,” అనేవాడు. నాకు నవ్వొచ్చేది గానీ నవ్వేదాన్ని కాదు. కొత్త కోడలిని కదా.

ఈ బంక సంగతి కొంచెం చెప్పాలి. పచ్చిపట్టు గరుకుగా ఉంటుంది. పట్టుపురుగు తన గూడు గట్టిగా నిలవడానికి పూసుకున్న జిగురు దాని మీద ఉంటుంది. ఉడకబెట్టి ఆ బంక వదిలిస్తేనే దారానికి మెరుపొస్తుంది, రంగు పడుతుంది. ధర్మవరంలో మా మామగారి ఇంటి పని అదే. ఉడికించగా మిగిలిన చిక్కటి నీళ్ళు పెరటి వెనక గుంతలోకి పోయేవి. ఒక వానకాలం చెరువు నిండి మరువ పొంగి పారి, మీసాలుండే నల్ల చేపలు కొన్ని ఆ గుంతలోకి వచ్చిపడ్డాయి. ఆ కంపులో పొద్దుగూకేలోగా చస్తాయనుకున్నారంతా. అవి చావలేదు సరికదా, నిక్షేపంగా కొవ్వెక్కాయి. గుంతలో గడ్డీ లేదు, పురుగూ లేదు, ఒట్టి బంక. ఏం తిని బతుకుతున్నాయని మా ఆయన చిన్నప్పుడు సెలవులకు అక్కడికి పోయి అందర్నీ అడిగాడట. “వాటి రాత బాగుండాది లేరా,” అన్నాడట మా మామ.

ఆ జవాబు నచ్చకే ఆయన చదువుకున్నాడని నా నమ్మకం.

తిరుపతిలో పెద్ద చదువు పూర్తిచేసి వచ్చాక మళ్ళీ ఆ గుంత దగ్గరే కూర్చున్నాడు. బంకను అరిగించుకునే శక్తి చేపకు లేదట. దాని పేగుల్లో వేరే ఎవరో కూర్చుని అరిగించి పెడుతున్నారట. ఆ ఎవరో ఎవరని వెతికితే, ఏ పుస్తకంలోనూ లేని బాక్టీరియా ఒకటి కనబడింది. ఒకసారి నన్ను హిందూపురం తీసుకుపోయి మైక్రోస్కోపులో చూపించాడు. కన్ను ఆనిస్తే తెల్లటి వెలుగు గుండ్రంగా, అందులో సన్నటి గింజలు, నీళ్ళలో వదిలిన తలంబ్రాల బియ్యంలా మెల్లగా ఆడుతున్నాయి. ఎంతసేపు చూశానో తెలియదు. తల ఎత్తేసరికి గది, గోడలు, కిటికీలో ఎండ అన్నీ దూరంగా, ఎవరివో అన్నట్టు కనిపించాయి.

“ఇవి కొత్తవని లోకానికి ఎట్ల తెలుస్తాది?” అని అడిగాను. రుజువు చెయ్యాలన్నాడు. మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి చూసి ఒప్పుకుంటే ఆ బాక్టీరియాకు పేరొస్తుంది, ఈయనకు డాక్టరు పట్టా వస్తుంది. ఆ ప్రొఫెసరు వచ్చే ఏడు ఉగాది తర్వాత రిటైరవుతున్నాడు. ఈ చిన్న ఊరి కాలేజీవాడి మాట వినే పెద్దమనిషి ఆయన ఒక్కడే. ఆయన పోతే ఇక ఎవరూ వినరు.

రుజువు మా పెనుకొండ ఇంట్లో పెట్టాడు. పాత కోటలోని గగన్ మహల్ వెనక వీధిలో పెద్దత్త ఇల్లు. పెరట్లో రెండు రాతి తొట్లు. కోట కళకళలాడిన రోజుల్లో గుర్రాలు నీళ్ళు తాగినవంటారు. బుక్కపట్నం చెరువులో పట్టించిన చేపల్ని, బంక ఎరగని వాటిని, రెండు తొట్లలో వదిలాడు. రెంటికీ తిండి, గుంతలో పడకముందే పట్టి తెచ్చిన బంక ఒక్కటే. రెండో తొట్టిలో మాత్రం హిందూపురంలో పెంచిన బాక్టీరియా కూడా కలిపాడు. మొదటి తొట్టి చేపలు చిక్కిపోవాలి, రెండో తొట్టివి బలవాలి. చివర్న ప్రొఫెసరు ఎదుట చేపల్ని కోసి పేగులు చూపించాలి. ఈ కోసే సంగతి పెద్దత్తకు ఇప్పుడే చెప్పవద్దని నాతో గట్టిగా అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆమె ఆ తొట్ల పక్కన ఎలా కూర్చుంటుందో నాకు కనబడుతూనే ఉంది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నిద్రలో జరిగినట్టే అనిపిస్తుంది. మధ్యాహ్నం ఊరంతా సద్దుమణిగాక ఇంటి వెనక కొండ వచ్చి తొట్టి నీళ్ళలో పడుకునేది. చేప గాలి కోసం పైకొచ్చి బుడుంగుమంటే కొండ వణికి విరిగేది. మళ్ళీ మెల్లగా అతుక్కునేది. బంక కలిసిన నీళ్ళు పాలవిరుగుడులా ఉండేవి. వాటిలో నల్లటి వీపులు, మీసాలు తేలి మాయమయ్యేవి. నేను గడప మీద తల వాల్చేదాన్ని. ఊరు మొత్తం నీళ్ళ అడుగున ఉన్నట్టు కల వచ్చేది. నీళ్ళలోనే రైలు చప్పుడు లేకుండా పోతుండేది, కిటికీ దగ్గర మా ఆయన ఒళ్ళో బిందెతో కూర్చుని నాతో ఏదో చెబుతుండేవాడు. మాట వినబడేది కాదు, బుడగలు మాత్రం పైకి వచ్చేవి. మెలకువ వచ్చేసరికి పెద్దత్త తొట్టితో మాట్లాడుతుండేది. “ఏమబ్బా, ఈ పొద్దు పైకి రాలేదే నువ్వు? ఒళ్ళు బాగలేదా?” అది కలలోదా బయటిదా అని తేల్చుకునేలోపు మళ్ళీ కళ్ళు మూతపడేవి.

మొదట్లో అంతా అనుకున్నట్టే జరిగింది. మొదటి తొట్టి చేపలు చిక్కాయి. ఆదివారం పట్టు తూచే తక్కెడలో తడిగుడ్డ వేసి ఒక్కొక్కటే తూచి, ఎక్కడ లేని సంతోషంతో భోంచేసేవాడు. సంక్రాంతి దాటాక లెక్క తిరగబడింది. చిక్కాల్సినవి తేరుకున్నాయి. వారం తిరిగేసరికి నిగనిగలాడాయి. రెండో తొట్టి వాటికీ వీటికీ తేడా లేకుండా పోయింది.

ఆయన మొహం చూడలేకపోయాను. అన్నేళ్ళ నమ్మకం కాళ్ళ కింద నుంచి జారిపోతే మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. “మా నాయన చెప్పిందే నిజమేమో. వాటి రాత బాగుండాది, అంతే,” అన్నాడు. నాకు ఆ మాట మీద ఒళ్ళు మండింది. “రాతను తక్కెడలో తూస్తాండావా ఇన్ని దినాలూ?” అన్నాను. కొత్త కోడలిననే సంగతి అప్పటికి మరిచిపోయాను.

తర్వాత కాలేజీకి ఏదో సెలవిస్తే వారం మధ్యలోనే మధ్యాహ్నం రైలుకు వచ్చాడు. నేను తలుపు తీశాను. ఇద్దరం పెరట్లోకి వెళ్ళేసరికి పెద్దత్త మొదటి తొట్టి గట్టు మీద కూర్చుని అన్నం తింటోంది. అన్నమంటే రాగిసంగటి, రాత్రిది, పులిసిన అంబలిలో పిసికినది. ఒక ముద్ద తాను తింటుంది, ఒక చిటికెడు నీళ్ళలోకి వేస్తుంది. మీసాలన్నీ ఆమె వేళ్ళ చుట్టూ మూగాయి.

“పెద్దమ్మా!” అని కేక పెట్టాడు ఆయన.

ఆమె బెదరలేదు, దాచుకోలేదు. “వచ్చినావా? కాళ్ళు కడుక్కో, సంగటి ఉండాది,” అంది.

“వాటికి ఏమీ పెట్టొద్దని చెప్తిని గదా! బంక తప్ప ఏమీ తినకూడదని చెప్తిని గదా!”

“చెప్తివి. అందుకే ఆ తొట్లోటికి పెట్టలేదు. అవి బాగుండాయి. ఇవి ఎముకలు తేలి నా మొహం చూస్తాంటే నేను ఎట్ల మింగేదప్పా? ఇంట్లో ఉండే జీవాన్ని పస్తు పెట్టి మన ఇంట్లో ఎవురన్నా తిన్న్యారా?”

ఆయన ఆ పూట తినలేదు. అలిగి బయటకు పోయి, మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఎవరైనా వచ్చి ‘పరిశోధన చేస్తున్నాం, నువ్వు ఆకలితో ఉండు’ అంటే నేను మాత్రం ఊరుకుంటానా అని చేపల పక్షమే మాట్లాడాలనిపించింది.

మరునాడు ఆమె చేత తన నెత్తి మీద చెయ్యి పెట్టించి, ఇక ముద్ద వెయ్యనని ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు ఆమె తప్పలేదు. వాటి ఎదుట తినలేక కంచం తీసుకుని వంటింట్లోకి మారింది. చేపలు మళ్ళీ చిక్కుతాయని ఆయన ఎదురుచూశాడు. అవి చిక్కలేదు. ముద్ద ఆగినా, ఒట్టి బంక మీదే, రోజురోజుకూ బలిశాయి. అప్పుడు తొట్టి అడుగున పడిన వాటి మలాన్ని గొట్టంతో పీల్చి హిందూపురం తీసుకుపోయి చూశాడు. అందులో అవే గింజలు! ఈ తొట్టిలో ఆయన కలపలేదు. మరి యాడ నుంచి వచ్చాయి? ఆ ఆదివారం ఆయన ఇంట్లోకి అడుగుపెట్టడంతోనే వంటింట్లోకి పోయి, పెద్దత్త అంబలి కుండలోంచి ఒక చుక్క తీసి గొట్టంలో వేసుకున్నాడు. ఆమె, “ఆకలైతే చెంబుతో తాగరాదా, ఈ కోడిపిల్ల తాగుడేంది?” అంది.

హిందూపురంలో చూస్తే కుండలో కూడా అవే ఉన్నాయి.

ఆ సంగతి తేలిన రోజు ఆయన రైలు దిగి పరుగెత్తుకొచ్చిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. ధర్మవరంలో పట్టు ఉడకేసేవాళ్ళు అంబలి తాగి కుండలు ఆ గుంతలోనే కడుగుతారు. చేపలకు బంక అరిగించే ఆ బాక్టీరియా పుట్టిల్లు గుంత కాదు, చేపా కాదు. మన ఇళ్ళలో పులిసే అంబలి. “పెద్దమ్మ ముద్ద వెయ్యకపోయుంటే ఈ సంగతి నాకి ఈ జన్మలో తెలిసుండదు!” అని నా రెండు చేతులూ పట్టుకుని తిప్పాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన నన్ను అంత గట్టిగా పట్టుకోలేదు. చేపల వాసన కూడా బాగానే అనిపించింది, చెబితే నవ్వుతారు గానీ.

ఇక మిగిలింది ఒక్కటే. మొదటి తొట్టి చేపల్ని ప్రొఫెసరు ఎదుట కోసి, పేగు గోడలకు ఆ బాక్టీరియా అంటుకుని ఉందని చూపించడం. ప్రొఫెసరు వచ్చే రోజు ఖాయమైంది. ఇంకా దాచి లాభం లేదని ఆయన పెద్దత్త ముందు కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు.

ఆమె లేచి పెరట్లోకి పోయి మొదటి తొట్టి గట్టు మీద కూర్చుంది. తర్వాత అంది. “ఆ తొట్లోటివి నీవి. కోసుకో. ఈ తొట్లోటివి నా కంచంలోది తిన్న్యాయి.”

“చేపలు గదా పెద్దమ్మా. నువ్వు చేపల పులుసు తినవా?”

“తింటా. నా చేతి ముద్ద తిన్న్యదాన్ని తినను. నువ్వూ ఆ కుండలోదే తాగి పెరిగినావు. మద్రాసు నుంచి ఎవురో వచ్చి, నీ కడుపులో ఏముండాదో కోసి చూపియ్యమంటే చూపిస్తానా నేను?”

ఆయన మళ్ళీ అడగలేదు, ఆమె మళ్ళీ చెప్పలేదు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నేను ఇద్దరి మధ్యా తిరుగుతూ, ఆయన వైపు చూస్తే ఆయనదే న్యాయం అనిపించి, ఆమె వైపు చూస్తే ఆమెదే న్యాయం అనిపించి, పొయ్యి మీద పప్పు మాడ్చాను.

ప్రొఫెసరు వచ్చే రోజు తెల్లవారగానే పెద్దత్త చీర మార్చుకుని బయల్దేరింది. మొదటి తొట్టి దగ్గర నిలబడి, అరచెయ్యి నీళ్ళ మీద ఆనించి ఉంచింది. మీసాలు వచ్చి ఆ చెయ్యి తడిమాయి.

“యాడికి పెద్దమ్మా?” అన్నాడు ఆయన.

“చెన్నేకొత్తపల్లికి. మన చుట్టాల పాపమ్మ ఇంటికి. పొద్దుగూకేదాకా రాను. నీ పని నువ్వు చూసుకో,” అని వెనక్కి తిరక్కుండా బస్సుకు పోయింది.

ఆయన మొహం పాలిపోయింది. “చూస్తివా? అలిగి ఇల్లిడిసి పోయింది. నన్ను ఇడిసిపెట్టి ఈ గడప దాటని మనిషి,” అన్నాడు.

ప్రొఫెసరు మంచివాడు. ఎండలో స్టేషన్ నుంచి నడిచి వచ్చి, నేనిచ్చిన మజ్జిగ తాగి, తొట్టి పక్కన గొంతుకూర్చుని చిన్నపిల్లాడిలా చేపల్ని చూశాడు. అంబలి సంగతి విని తొడ చరుచుకున్నాడు. రెండో తొట్టి చేపల్ని మా ఆయన కోసి చూపించాడు. చెయ్యి చక్కగా ఆడింది. కాలేజీ నుంచి తెప్పించిన మైక్రోస్కోపులోంచి ప్రొఫెసరు తల ఎత్తి అన్నాడు.

“బాగుంది పోతులయ్యా. కానీ వీటికి నువ్వే కలిపి పెట్టావు. నీ గొప్పతనమంతా ఆ తొట్టిలో ఉంది. అది కొయ్యి.”

మా ఆయన కత్తి కడిగి గుడ్డతో తుడిచాడు. తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు. మొదటి తొట్టిలో ఒక చేప పైకొచ్చి గాలి మింగి పోయింది.

“అవి కొయ్యను సార్. మలంలో చూపిస్తాను.”

“మలంలో ఉంటే దారిన పోయిందంటారు. పేగు గోడకు అంటుకుని ఉంటేనే అక్కడ కాపురమున్నట్టు. నీకు తెలియదా? వచ్చే నెల నేను ఉండను. ఒక్క చేప కొయ్యి చాలు.”

“ఒక్కటి కూడా కొయ్యలేను సార్.”

ఎందుకని ప్రొఫెసరు అడిగాడు. మా ఆయన చెప్పలేదు. ఏమని చెబుతాడు? మా పెద్దమ్మ ముద్ద పెట్టింది అని ఆ పెద్దమనిషి ముందు ఎలా అంటాడు? ప్రొఫెసరు కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. భుజం తట్టి, రుజువు చాలలేదని రాయాల్సి వస్తుందని చెప్పి, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు. నేను వీధి గుమ్మంలో నిలబడి ఏడ్చాను. ఆయన మీద జాలితో కాదు. ఇలాంటి మనిషి దొరికినందుకు గర్వంతో ఏడ్చాను, ఆ మాట నిజం.

పొద్దుగూకే వేళకు పెద్దత్త వచ్చింది. జుట్టు తడిగా, ముడి వెయ్యకుండా ఉంది. చావు కబురు విన్నట్టు తలమీద నీళ్ళు పోసుకుని వచ్చిందని నాకు వెంటనే అర్థమైంది. పెరటి వైపు చూడకుండా నేరుగా వంటింట్లోకి పోయి, “తొట్టి కడిగేసినారా?” అని అడిగింది.

“కడగలేదత్తా. చేపలు ఉండాయి.”

“ఏంది?”

“ఉండాయి. ఆయన కొయ్యలేదు.”

ఆమె వచ్చి తొట్టిలోకి వంగి చూసింది. చూసి, గట్టు మీద చతికిలబడి, మా ఆయన వైపు తిరిగింది. ఆ మొహంలో సంతోషం ఉంటుందని నేను ఎదురుచూశాను. లేదు.

“ఏమప్పా, ఎందుకు కొయ్యకపోతివి?”

“నువ్వు అలిగి పోతివి గదా పెద్దమ్మా.”

“అలిగితే ఇంట్లో కూర్చోని అరుస్తా గానీ ఊరిడిసి పోతానా? మీ పెద్దనాయన ఉన్నప్పుడు, ఇంట్లో పెంచిన పొట్టేలును కొయ్యాల్నంటే నేను తెల్లారే పక్కూరికి పోయేదాన్ని. నేను ఉంటే వద్దంటా. వద్దనేది నా పని. నేను లేనప్పుడు కోసేది మీ పని. నేను పోయిందంటే కోసుకోమనే గదా నాయనా. ఆ సంగతి నీకి తెలీదా?”

ఆయనకు తెలియదు. పొట్టేలును కోసిన ప్రతిసారీ ఆయన కూడా ఇంట్లో లేడు. పసివాడు చూడకూడదని ఆమె ఆయన్ని చంకనెత్తుకుని పక్కూరికి తీసుకుపోయేది.

ఆమె ఆయన గడ్డం పట్టుకుని, “ఆ సారును పిల్చకరా, పో. బిరబిరా పో. నేను మళ్ళీ పోతాలే పాపమ్మ ఇంటికి,” అంటూ ఏడ్చింది. రైలు అప్పటికి ధర్మవరం కూడా దాటేసి ఉంటుంది. ఆయన కదల్లేదు. నేల మీద ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, తడి ఆరని ఆ జుట్టును పక్కకు తీసి, ముడి ఎలా వెయ్యాలో తెలియక నా వైపు చూశాడు. నేను వెళ్ళి వేశాను.